పాల్‌కోల్‌గారి మూడో అధ్యాయం

తొంభై ఒకటో సంవత్సరం వానాకాలంలో కాశీవిశ్వనాథం వ్యాపారం చేయాలని గట్టిగా నిశ్చయించుకున్నాడు. ఏ వ్యాపారమన్నది మాత్రం తేలలేదు.

ఆయనది పాలకొల్లు. అన్నదమ్ములతో కలిసి నడిపిన రైసుమిల్లులో తన వాటా తీసేసుకుని, సినిమావాళ్లు మద్రాసు నుంచి హైదరాబాదుకు మకాం మారుస్తున్న రోజుల్లో వాళ్ల వెనకాలే వచ్చాడు. జూబ్లీహిల్స్‌లో బండరాళ్ల మధ్య విశాలమైన ఇల్లు కట్టుకున్నాడు. తెలిసినవాళ్లెవరో తీస్తున్న సినిమాలో భాగస్వామిగా చేరాడు. ఆ సినిమా ఒక శుక్రవారం వచ్చి, మరో శుక్రవారం మొహం చూడకుండానే వెళ్లిపోయింది. అప్పటి నుంచి సినిమావాళ్లెవరైనా గేటు దగ్గర కనిపిస్తే కుక్కను విప్పమనేవాడు. ఆ ఇంట్లో కుక్క లేదు. అయినా అనేవాడు.

ఆ ఏడు లైసెన్సులూ పర్మిట్లూ ఎత్తేస్తున్నారని పేపర్లు రోజూ రాస్తుండడంతో ఆయనకు మళ్లీ ఉత్సాహం పుట్టింది. సినిమా కాకుండా, నాలుగు కాలాలు నిలబడేది ఏదైనా మొదలుపెట్టాలి. ఏం పెట్టాలో చెప్పమని చలపతిరావును అడిగాడు.

చలపతిరావు కాశీవిశ్వనాథం భార్య రాజ్యలక్ష్మికి దూరపు వరసలో అన్న. కోస్తాలో ఎక్కడో కాలేజీలో కామర్సు చెప్పి రిటైరై, వెంగళరావు నగర్లో చిన్న ఇల్లు కొనుక్కుని భార్యతో ఉంటున్నాడు. సోడాబుడ్డి కళ్లద్దాలూ, తొందరపడని మాటా ఆయన సొత్తు. ప్రతి ఆదివారం చెల్లెలింట్లో భోజనం చేసేవాడు. బావగారి ప్రశ్న విని ఆయన పెరుగన్నం కలుపుతూ చాలాసేపు ఆలోచించాడు. చదవకుండా వ్యాపారంలోకి దిగడమంటే లోతు తెలియకుండా గోదాట్లోకి దిగడమేనన్నాడు. కాశీవిశ్వనాథానికి ఆ మాట సూటిగా తగిలింది. సినిమాలో చేరేముందు తను వాల్‌పోస్టరు తప్ప ఏమీ చదవలేదు.

అయితే ఏం చదవాలని అడిగాడు. చలపతిరావు చెయ్యి కడుక్కుని వచ్చి ఓ పుస్తకం పేరు, రాసినాయన పేరు, అచ్చయిన ఊరితో సహా గడగడా చెప్పాడు. కాశీవిశ్వనాథం ముగ్ధుడైపోయాడు.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆదివారాలకు ఒక పద్ధతి ఏర్పడింది. పొద్దున్నే కాశీవిశ్వనాథం మారుతి కారులో ఆబిడ్స్ వెళ్లి, మూసి ఉన్న షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల మధ్య గొంతుక్కూర్చుని, కిందటి ఆదివారం బావగారు చెప్పిన పుస్తకం కోసం గాలించేవాడు. అది దొరికితే దాన్నీ, దొరక్కపోతే అలాంటివే మరో నాలుగింటినీ మోసుకొచ్చేవాడు. మధ్యాహ్నం చలపతిరావు వచ్చి వాటిని చూసి తలాడించి, దీని తర్వాత తప్పక చదవాల్సింది ఇంకొకటుందని చెప్పేవాడు.

కాశీవిశ్వనాథం నిజంగానే చదివేవాడు. ఇంగ్లీషు ఆయనకు నెమ్మదిగా ఎక్కేది, కానీ ఎక్కింది దిగేది కాదు. అమెరికాలో ఎవరో సబ్బుల వ్యాపారి జీవితకథ చదివి సబ్బుల ఫ్యాక్టరీ పెడదామన్నాడు. రాజ్యలక్ష్మి సరేనని నాలుగు పేర్లు ఆలోచించి ఉంచింది. ఈలోగా ఆయన తర్వాతి పుస్తకంలోకి వెళ్లాడు. యంత్రాల్లో డబ్బు ఇరికించుకున్నవాడు మూర్ఖుడని అందులో ఉంది. దాని తర్వాతది యంత్రాలు లేనివాడిదే మూర్ఖత్వమంది. కోల్డ్ స్టోరేజీ, కోళ్ల దాణా, మినరల్ వాటర్, గ్రానైటు ఒక్కొక్కటే ఆ ఇంటి భోజనాల బల్ల మీదికి వచ్చి, తర్వాతి పుస్తకం రాగానే లేచిపోయాయి. ఆయన చదువుతుండగానే పక్కింటాయన గ్రానైటు మొదలుపెట్టి, రెండో లారీ కూడా కొన్నాడు.

ఇల్లు మాత్రం పుస్తకాలతో నిండింది. ఫ్రిజ్ మీద, మంచాల కింద, మెట్ల పక్కన, చివరికి దేవుడి గది కిటికీలో కూడా మేనేజ్‌మెంటు చేరింది. ఓ రోజు బియ్యం డబ్బా మూత తీయబోతే దాని మీది పుస్తకాల దొంతర రాజ్యలక్ష్మి కాలి మీద పడింది. ఆమె పుస్తకాన్ని కళ్లకద్దుకుని, కాలికి జండూబామ్ రాసుకుని, వడ్రంగికి కబురుపెట్టింది.

వచ్చినవాడు బాలనర్సయ్య. యాదగిరిగుట్ట దగ్గరి మనిషి, కృష్ణానగర్లో ఒక గదిలో కిరాయికుంటూ ఫిల్మ్‌నగర్లో సినిమా సెట్లకు వడ్రంగి పని చేసేవాడు. సెట్ల పనివాడు కావడంతో ఆయన చేసేదేదైనా ముందువైపు మహా అందంగా, వెనకవైపు ఏమీ లేకుండా ఉండేది. హాల్లో ఒక గోడ మొత్తాన్ని, నేల నుంచి కప్పు దాకా, నగిషీ చెక్కిన అరలతో నింపేశాడు. పై అరలు అందడానికి చక్రాల నిచ్చెన కూడా పెట్టాడు. పుస్తకాలన్నీ సర్దాక హాలు హైకోర్టు జడ్జీగారి ఇల్లులా తయారైంది.

పని జరుగుతున్న రోజుల్లో కాశీవిశ్వనాథం పక్కనే కుర్చీ వేసుకుని చదువుకునేవాడు. బాలనర్సయ్య కొన్నాళ్లు చూసి, ఉండబట్టలేక అడిగాడు.

“సార్, గిన్ని బుక్కులు సదివి ఏం జేస్తరు?”

“వ్యాపారం.”

“ఏం యాపారం సార్?”

“అది తెలుసుకోవడానికే చదువుతున్నాను.”

బాలనర్సయ్య కాసేపు చిత్రిక పట్టాడు. తర్వాత తన మనసులో మాట బయటపెట్టాడు. తనకూ సొంతంగా ఒక దుకాణం పెట్టుకోవాలని ఉందనీ, ఎంతకాలమని ఒకరి కింద పనిచేస్తాననీ చెప్పి, జర తనకు పనికొచ్చే బుక్కు ఏదైనా ఉంటే చెప్పమన్నాడు.

ఏడాదిగా చదువుతున్నా కాశీవిశ్వనాథాన్ని ఆ మాట అడిగినవాళ్లు లేరు. ఆయన మొహం వెలిగిపోయింది. బాలనర్సయ్యకు ఇంగ్లీషు రాదు కాబట్టి తనే ఒక్కో పుస్తకం తెరిచి, సారాంశం తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. పని తొందరగా అయిపోతుందేమోనని ఆయనకు బెంగపట్టుకుంది. ఒక అర అదనంగా వేయించాడు. బాలనర్సయ్య మేకులు పళ్ల మధ్య పెట్టుకుని బుద్ధిగా తలూపుతూ వినేవాడు. ఓ రోజు మేకులు చేతిలోకి తీసుకుని, మొట్టమొదటి గిరాకీ ఎక్కణ్ణించి వస్తాడో ఈ బుక్కుల్లో రాసి ఉందా అని అడిగాడు. కాశీవిశ్వనాథం విషయసూచికలన్నీ వెతికాడు. కనబడలేదు. ఆదివారం చలపతిరావును అడిగితే, దాని మీదే ప్రత్యేకంగా ఒక మంచి పుస్తకం ఉందనీ, ప్రస్తుతం అచ్చులో లేదనీ చెప్పాడు.

అరలు పూర్తయిన కొన్నాళ్లకు బాలనర్సయ్య ఓ కళా దర్శకుణ్ణి వెంటబెట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. ఫిల్మ్‌నగర్లో వేసిన సెట్టులో కోటీశ్వరుడి లైబ్రరీ ఉందట. పాతసామాన్లవాడి దగ్గర దొరికిన టెలిఫోన్ డైరెక్టరీలు పేర్చారట. కెమెరాలోంచి చూస్తే అవి టెలిఫోన్ డైరెక్టరీల్లాగే ఉన్నాయట. ఒక్కరోజు ఈ హాలు అద్దెకిస్తే చాలన్నాడు.

కాశీవిశ్వనాథం కుక్క సంగతి ఎత్తబోయేలోగానే రాజ్యలక్ష్మి లోపలికి రమ్మని వాళ్లకు కాఫీ ఇచ్చేసింది. భర్త సినిమాకు పెట్టుబడి పెట్టాడు గాని ఆమెకు ఒక్కసారీ షూటింగు చూపించలేదు. ఆ కోపం ఆమె ఏనాడూ పైకి చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు. ఏ రోజు వస్తారని మాత్రం అడిగింది.

ఒక్కరోజు అన్నది వారానికి పైగా సాగింది. కథలో కోటీశ్వరుడు కొడుకును ఇంట్లోంచి గెంటేసేది ఆ పుస్తకాల ముందే. తీరా గెంటాక పశ్చాత్తాపపడేదీ అక్కడే. కాశీవిశ్వనాథాన్ని మొదట హాల్లోంచి పడగ్గదిలోకి పంపారు. పడగ్గదిలో హీరోయిన్ మేకప్ మొదలుపెట్టేసరికి వంటింట్లోకి వెళ్లాడు. వంటింట్లో యూనిట్‌కు టీ కాస్తున్నారు. చివరికి మేడ మీద నీళ్ల ట్యాంకు నీడలో స్థిరపడ్డాడు. అక్కడ కూర్చోవడం పెద్ద కష్టం కాదు గాని చేతిలో పుస్తకం లేదు. ఆయన చదువుతున్న పుస్తకం ఆఖరి అధ్యాయానికి వచ్చింది. విజయ రహస్యం ఆ అధ్యాయంలో చెబుతానని రచయిత మొదటి పేజీ నుంచీ ఊరిస్తున్నాడు. అది హాల్లో నాలుగో అరలో ఉంది. తెచ్చుకుందామని వెళ్లి చెయ్యి పెట్టబోతే సహాయ దర్శకుడొకడు పరుగున వచ్చి దణ్ణం పెట్టాడు. అది షాట్‌లో ఉందట. తీస్తే కంటిన్యుటీ పోతుందట. కోటీశ్వరుడికి పశ్చాత్తాపం కలిగేదాకా కాశీవిశ్వనాథం విజయ రహస్యం తెలియకుండానే గడపాల్సి వచ్చింది.

ఆ యూనిట్ వెళ్లీ వెళ్లకముందే ఇంకోటి వచ్చింది. కృష్ణానగర్లో టీ కొట్ల దగ్గర అది ‘పుస్తకాల ఇల్లు’ అయిపోయింది. లాయర్లూ, డాక్టర్లూ, కలెక్టర్లూ, పైపు కాల్చే విలన్లూ అందరూ ఆ గోడ ముందు నిలబడే మాట్లాడారు. డేట్లన్నీ రాజ్యలక్ష్మి చూసుకునేది. ఫోను పక్కన క్యాలెండరు పెట్టుకుని, ఇద్దరు ప్రొడక్షన్ మేనేజర్లు ఒకే రోజు అడిగితే ఎవరికి పొద్దున ఇవ్వాలో ఎవరికి మధ్యాహ్నం ఇవ్వాలో తేల్చేది. కర్టెన్లు మార్చినందుకు వేరేగా వసూలు చేసేది. ఆమె ఇదంతా ఏ పుస్తకం చదివి చేస్తోందని కాశీవిశ్వనాథానికి అనుమానం వచ్చింది గాని, అడగడానికి మొహమాటపడ్డాడు. తనింకా ఏ వ్యాపారం చేయాలన్న విషయంలోనే ఉన్నాడు.

అయితే రెండు చిక్కులొచ్చాయి. మొదటిది, మూడు సినిమాల్లో ఒకే ఎర్ర అట్ట పుస్తకం కనబడిందని ఓ దర్శకుడు పట్టేశాడు. రెండోది, ఒక ఫైటులో విలన్ని గోడకేసి కొడితే పుస్తకాలు జలజలా రాలి, సబ్బుల వ్యాపారి జీవితకథ వెళ్లి చేపల తొట్టిలో పడింది. కాశీవిశ్వనాథం దాన్ని మేడ మీద ఎండబెట్టి పేజీ పేజీ విడదీస్తుంటే బాలనర్సయ్యకు జాలేసింది.

“కట్టెతోని చేస్త సార్,” అన్నాడు. “ముంగట బుక్కు, ఎనుక కట్టె. సీన్మాల ఎవలు తీసి సదువుతరు?”

చెప్పినట్టే చేశాడు. వరసగా నిలబెట్టిన పుస్తకాల వీపుల్లా చెక్కను గుండ్రంగా చెక్కి, రంగురంగుల రెక్సిన్ అతికించి, అర పొడవున ఒకే పలకగా తయారుచేశాడు. దూరం నుంచి చూస్తే అసలువాటి కంటే ఇవే ఎక్కువ చదువుకున్నవాటిలా ఉన్నాయి. వాటి మీద బంగారు రంగుతో పేర్లు వేయాలి. ఏం పేర్లు వేయాలో కాగితం మీద రాసిస్తే బాలనర్సయ్య చూసి బొమ్మ గీసినట్టు గీస్తానన్నాడు. మొదటి వరస తలకిందులుగా గీశాడు. దాని ముందు నిలబడి ఓ హీరో డైలాగు చెప్పేశాడు కూడా. కాశీవిశ్వనాథం తప్ప ఎవరూ కనిపెట్టలేదు.

పేర్లు పెట్టే పని కాశీవిశ్వనాథానిది. మొదట తన దగ్గరున్న పుస్తకాల పేర్లే రాశాడు. అవి అయిపోయాక సొంతంగా కల్పించడం మొదలుపెట్టాడు. ఇది ఆయనకు ఊహించని ఆనందాన్నిచ్చింది. పొద్దున్నే స్నానం చేసి మేడ మీద కూర్చుని, లాభం గురించీ నష్టం గురించీ గంభీరమైన పేర్లు ఆలోచించేవాడు. పేరుతో పాటు రచయిత కూడా ఉండాలిగా. దొరల పేర్లు ఆయనకు ఎక్కువ తెలియవు. అందుకని తమ వైపు ఊళ్లనే కొంచెం కత్తిరించి వాడుకున్నాడు. ఆచంట ఆర్చంట్ అయ్యాడు. నరసాపురం నార్సప్ అయ్యాడు. అన్నిటికంటే లావు పుస్తకం, ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ ప్రూడెంట్ ప్రాఫిట్’ అనేది, హెచ్. జె. పాల్‌కోల్ రాశాడు.

ఓ ఆదివారం చలపతిరావు మళ్లీ భోజనానికి వచ్చాడు. వేసవిలో కంటి ఆపరేషను చేయించుకుని చాన్నాళ్లు రాకపోవడంతో ఈ కట్టె పుస్తకాల సంగతి ఆయనకు తెలియదు. చెబుదామని కాశీవిశ్వనాథం అనుకుంటూ ఉండగానే ఆయన కుర్చీలో వెనక్కి వాలి, గోడ వైపు చూసి, మెచ్చుకోలుగా నవ్వాడు.

“ఓహో. పాల్‌కోల్ కూడా తెప్పించారన్నమాట.”

కాశీవిశ్వనాథం పప్పు కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

“మీరు... చదివారా బావగారూ?”

“చదవకపోవడమేమిటండీ. మా ఎంకామ్ రోజుల్లో దాన్ని కంఠతా పట్టాం. ముఖ్యంగా ఆ మూడో అధ్యాయం.”

రాజ్యలక్ష్మి నెయ్యి గిన్నె అక్కడే పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. లోపల ఏదో పళ్లెం కింద పడింది.

కాశీవిశ్వనాథానికి నవ్వు రాలేదు. ఎలాగైనా మాట మార్చాలనుకున్నాడు. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చేసింది. మూడో అధ్యాయంలో ఏముందని అడిగాడు.

చలపతిరావు తడుముకోలేదు. పాల్‌కోల్ ఏమంటాడంటే, అని మొదలుపెట్టాడు. వ్యాపారం చేసేవాడు తనకేం అమ్మాలనుందో చూసుకోకూడదట. కొట్టు ముందు వచ్చి నిలబడ్డవాడు ఏమడుగుతున్నాడో అది వినాలట. పదిమంది ఒకే వస్తువు అడిగి, లేదనిపించుకుని వెళ్లిపోతుంటే, దుకాణదారు ఆ వస్తువు కోసం సంతకి పరిగెత్తాలిగాని జాతకం చూపించుకోకూడదట. ఎంతో హాయిగా, ఉదాహరణలతో చెప్పాడు. చెప్పి, ఆ వాక్యం పాల్‌కోల్ మాటల్లోనే చూపిస్తానంటూ ఎడంచేత్తో కండువా సర్దుకుని లేచాడు.

వద్దు, భోంచేస్తున్నారు, కూర్చోండంటూ కాశీవిశ్వనాథం అడ్డుపడబోయాడు. అప్పటికే ఆయన అర దగ్గరికి చేరాడు. పుస్తకం పైన వేలు పెట్టి లాగాడు. పాల్‌కోల్ వచ్చాడు. పాల్‌కోల్‌తో పాటు ఆర్చంటూ నార్సప్పూ, అటువైపు ఇటువైపు ఉన్న మహానుభావులందరూ కలిసికట్టుగా ఒక్కసారే ముందుకు వచ్చారు.

చలపతిరావు ఆ పలకను కిందపడకుండా పట్టుకున్నాడు. వెనక్కి తిప్పి చూశాడు. అక్కడ పచ్చి చెక్కా, బాలనర్సయ్య పెన్సిలుతో వేసుకున్న గీతలూ ఉన్నాయి. మళ్లీ ముందుకు తిప్పాడు.

“బైండింగు గట్టిగా ఉంది,” అన్నాడు.

పలకను జాగ్రత్తగా యథాస్థానంలో పెట్టి, వచ్చి కూర్చుని, మజ్జిగన్నం తిన్నాడు. తర్వాత చదవాల్సిన పుస్తకమేదీ ఆ రోజు చెప్పలేదు. ఎండ తగ్గకుండానే బయల్దేరిపోయాడు.

మరుసటి ఆదివారం రాలేదు. ఆపై ఆదివారమూ రాలేదు. రాజ్యలక్ష్మి మొదట నవ్వినందుకు నొచ్చుకుంది, తర్వాత భర్త మీద కోప్పడింది. లేని పుస్తకాన్ని అంత అందంగా ఎవరు చేయించమన్నారని అడిగింది. అందంగా చేసినవాడు బాలనర్సయ్య అని ఆయన చెప్పబోతే, మూడో అధ్యాయం గురించి అడిగినవాడెవరో గుర్తుచేసింది.

ఇంతలో మరో ఉపద్రవం వచ్చింది. ఓ కోర్టు సినిమా కోసం న్యాయశాస్త్రం పుస్తకాలు కావాలంటే కాశీవిశ్వనాథమే పేర్లు రాసిచ్చాడు. ఆయన ఇంగ్లీషు చదవగలడు గాని రాయడంలో మిల్లు రసీదులు దాటి వెళ్లలేదు. ‘ఎవిడెన్స్’ అన్న మాటలో రెండోసారి ‘ఇ’ రావాల్సినచోట ‘ఎ’ పడింది. జడ్జీ వేషం వేసినాయన నిజజీవితంలో ప్లీడరు. ఉరిశిక్ష చదవబోతూ ఎదుటి గోడ మీద దాన్ని చూసి ఫక్కున నవ్వాడు. మళ్లీ తీశారు. మళ్లీ నవ్వాడు. ముద్దాయి కూడా నవ్వడం మొదలుపెట్టాక కళా దర్శకుడు పలకలన్నీ ఆటోలో వేయించి వెనక్కి పంపేశాడు.

బాలనర్సయ్య నీరసంగా కూలబడ్డాడు. బంగారు రంగు ఒకసారి ఎండితే పోదనీ, వరస మొత్తం మళ్లీ చేయాల్సిందేననీ చెప్పాడు. తర్వాత ఓ మాటన్నాడు.

“సార్, ఆ కండ్లద్దాల సారు యాడికి పోయిండు? ఆయనకు తెల్వదా గా ఏబీసీడీ?”

కాశీవిశ్వనాథం చెప్పులేసుకుని కారు తీశాడు.

వెంగళరావు నగర్లో తలుపు తీసింది చలపతిరావు భార్య శారదాదేవి. అన్నయ్యగారూ రండి అంటూనే, ఆయన మోకాలి నొప్పంటూ గడప దాటడం లేదనీ, ఏ మోకాలంటే రోజుకొకటి చెబుతున్నారనీ ఫిర్యాదు చేసింది. చలపతిరావు వెనక గదిలో కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. చెల్లెలి మొగుణ్ణి చూసి మోకాలు రుద్దుకున్నాడు.

కాశీవిశ్వనాథం దారిలో చాలా ఓదార్పు మాటలు అనుకుంటూ వచ్చాడు. ఒక్కటీ గుర్తురాలేదు.

“బావగారూ, ఎవిడెన్స్‌కి స్పెల్లింగేమిటండీ?”

చలపతిరావు ఠక్కున చెప్పేశాడు. చెప్పాక, ఎందుకడిగాడో అర్థంకాక చూశాడు. కాశీవిశ్వనాథం కోర్టులో జరిగిందంతా చెప్పాడు. ముద్దాయి నవ్వాడన్నచోట చలపతిరావు పెదవులు కదిలాయి. కానీ వెంటనే మళ్లీ మొహం ముడుచుకుంది.

“చూడండి,” అన్నాడు. “సిలబస్ కాగితం చివర రిఫరెన్సు పుస్తకాలని పేర్లుంటాయి. ఇవి తప్పక చదవండర్రా అని ఏటా పిల్లలచేత రాయించేవాణ్ణి. వేసవి సెలవుల్లో నేనూ చదువుదామనుకునేవాణ్ణి. సెలవులు ఎప్పుడయిపోయేవో తెలిసేది కాదు. మీకు చెప్పినవన్నీ అవే. నాకు పేర్లే తెలుసు, బావగారూ.”

“మాక్కావలసినవీ పేర్లే కదండీ.”

అది వెక్కిరింతేమోనని చలపతిరావు కళ్లద్దాల్లోంచి పరీక్షగా చూశాడు. కాదు. ఎదుటిమనిషి జేబులోంచి కాగితం, పెన్సిలు తీసి ఆయన ముందు పెట్టాడు. న్యాయశాస్త్రానికి ఓ వరస కావాలనీ, ఫిల్మ్‌నగర్లో ఆస్పత్రి సెట్టుకు వైద్యశాస్త్రం రెండు వరసలు అడుగుతున్నారనీ చెప్పాడు.

శారదాదేవి కాఫీ తెచ్చేసరికి చలపతిరావు రాస్తున్నాడు. స్పెల్లింగే కాదు, ఏ ప్రచురణకర్త పేరు వీపు మీద కింద వేయాలో, ఏది రెండు సంపుటాలుగా రావాలో కూడా రాస్తున్నాడు. అప్పుడు కాశీవిశ్వనాథం ఇన్నాళ్లూ తనను తొలుస్తున్న సందేహం అడిగాడు. తను కొన్న ఏ పుస్తకంలోనూ ఆ కొట్టు ముందు నిలబడ్డవాడి ముక్క లేదు. పాల్‌కోల్ ఎలాగూ రాయలేదు. మరి అది ఎక్కడిది?

చలపతిరావు పెన్సిలు ఆపాడు.

“మా నాన్న అనేవాడు. మాకు తణుకులో కిళ్లీ కొట్టుండేది,” అన్నాడు. ఆ సంగతి ఆయన కాలేజీలో ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదట.

తిరిగి వస్తూ కాశీవిశ్వనాథం ఎస్.ఆర్. నగర్ మలుపులో కారు పక్కకు ఆపి కాసేపు కూర్చున్నాడు. ఏడాదిన్నరగా తన గేటు ముందు జనం వచ్చి నిలబడుతున్నారు. అందరూ అడిగింది ఒకటే. తను మేడ మీద కూర్చుని గ్రానైటు గురించి చదువుతున్నాడు. ఆయనకు సిగ్గేసింది. తర్వాత ఆకలేసింది. ఇంటికి వెళ్లి, వ్యాపారం పెడుతున్నామని రాజ్యలక్ష్మికి చెప్పాడు. ఆమె చేతిలో ఫోనుంది. ఏం వ్యాపారమని అడగలేదు. ఆస్పత్రి సెట్టువాళ్లు శనివారానికల్లా కావాలంటున్నారని మాత్రం చెప్పింది.

దసరా ముందు కృష్ణానగర్లో, డ్యాన్సు మాస్టర్లూ జూనియర్ ఆర్టిస్టులూ ఉండే ఇరుకు సందులో, ఓ రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నారు. బోర్డు మీద బాలనర్సయ్య పేరు పెట్టారు. పెట్టుబడి పెట్టి వాటాదారుగా చేరినవాడు కాశీవిశ్వనాథం. షూటింగుల తాలూకు బేరాలన్నీ రాజ్యలక్ష్మివే. ఆమె ముందు ఎంత పెద్ద ప్రొడక్షన్ మేనేజరైనా చేతులు కట్టుకునే మాట్లాడేవాడు. చలపతిరావు సుద్దముక్క పట్టుకుని వరస వరసా చూసి, అక్షరం అటూ ఇటూ అయితే నిర్దాక్షిణ్యంగా కొట్టేసేవాడు. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు కూడా తనింత కఠినంగా లేనని శారదాదేవితో గొప్పగా చెప్పుకునేవాడట. బాలనర్సయ్యకు మాత్రం ఒక అనుమానం మిగిలిపోయింది. మొదటి గిరాకీ గురించి సార్లిద్దరూ బుక్కుల్లో ఎందుకు వెతికారో, తనే వెంటబెట్టుకుని వచ్చాడు కదా అనేవాడు.

వ్యాపారం బ్రహ్మాండంగా ఏమీ సాగలేదు గాని ఆగలేదు. కార్తీకమాసంలో ఓ భారీ సినిమాకు రాజమహలంత గ్రంథాలయం సెట్టు వేస్తే, ఆ ఆర్డరు మొత్తం వీళ్లకే వచ్చింది. పలకలన్నీ తోపుడుబండి మీద ఎక్కించి ఫిల్మ్‌నగర్ బయల్దేరుతుండగా ఉన్నట్టుండి వాన పట్టుకుంది. టీ కొట్టు దగ్గర నిలబడ్డ కుర్రాళ్లూ, రిహార్సల్ మధ్యలో ఉన్న డ్యాన్సర్లూ అయ్యో పుస్తకాలు తడిసిపోతున్నాయంటూ పరుగున వచ్చారు. ఒకామె తన కొంగు కప్పింది. ఎవరో రేడియో షాపు మీది టార్పాలిన్ పీకి తెచ్చారు. ఇవి నీళ్లకు పాడయ్యేవి కావని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

బండి కదిలింది. చలపతిరావు, కాశీవిశ్వనాథం ఒకే గొడుగు కింద దాని వెనకాల నడిచారు. ఎత్తు రాగానే ఇద్దరూ చెరో వైపు చెయ్యి వేసి తోశారు. ముందు బాలనర్సయ్య తాడు పట్టుకుని లాగుతూ, జర మెల్లగ తొయ్యున్రి, తొందరేమీ లేదు, షూటింగు వాన తగ్గినాకనే మొదలైతదని వెనక్కి తిరిగి చెబుతున్నాడు.